చెయ్యని తప్పుకు క్షమాపణ

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నా భార్యకు ఉంది. శంషాబాద్‌లో మా గల్లీ చివర రేకుల కప్పున్న చర్చికి ప్రతి ఆదివారం వెళ్తుంది. తోడుగా వెళ్లి నేను వెనక వరుసలో కూర్చుంటాను. విమానం దిగుతుంటే పాస్టరు ప్రసంగం ఆపి, చప్పుడు పోయాక మళ్లీ అందుకుంటాడు.

అక్కడ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు చివరి విందు గుర్తుగా రొట్టె పంచుకోవడం. రొట్టె ముక్కల పళ్లెం వరుసలో చేతులు మారుతూ వస్తుంది. ఎవరి మీదైనా కోపం ఉన్నవారు ముందే వెళ్లి వారితో సమాధానపడాలి. లేకపోతే రొట్టె తీసుకోకుండా పళ్లెం పక్కవారికి ఇచ్చేయాలి. మా ఇంట్లోనే ఉండే అత్తగారు పోయాక మూడు నెలలు నా భార్య అలాగే ఇచ్చేసింది.

కారణం ఆమె అక్క. ఉండేది కాటేదాన్‌లో అయినా వచ్చేది ఈ చర్చికే. ఎవరింట పెళ్లికి వెళ్లినా కూరలో ఉప్పు గురించే చెప్పే మనిషి. తల్లి పోయినప్పటి నుంచి ఒకటే మాట: "అమ్మను జల్ది దవాఖానకు తీస్కపోతే బతికేది. చెల్లె పొద్దంత ఇంట్లనే ఉంచింది." శుద్ధ అబద్ధం. నొప్పి అన్న పది నిమిషాలకు మేము ఆటోలో ఉన్నాం. అత్తగారి తల నా భార్య ఒడిలో ఉంది.

నాలుగో నెల, బల్లకు ముందురోజు, నా భార్య కాటేదాన్ వెళ్లి అక్క కాళ్లు పట్టుకుంది. "తప్పు నాదే అక్కా." మర్నాడు రొట్టె తీసుకుంది. ఆ పూటే గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ అక్క నలుగురు ఆడవాళ్లకు చెప్పింది: "నేనన్ననా లేదా? దానంతట అదే ఒప్పుకున్నది."

అప్పటి నుంచి నా భార్యకు తన మీదే అనుమానం మొదలైంది. బియ్యం ఏరుతూ ఆగిపోయి, "నిజంగనే లేట్ చేసిన్నా?" అని అడిగేది.

నేను మండిపడ్డాను. క్షమించమన్నారు సరే, అబద్ధానికి సాక్ష్యం చెప్పమని ఏ ధర్మం చెప్పింది? నిజాన్ని బలిచ్చి తెచ్చుకున్న శాంతి ఎవరికి కావాలి? అన్నం దగ్గర, చాయ్ దగ్గర వదిన మీద దుమ్మెత్తిపోశాను. చివరికి నా భార్య గిన్నె కింద పెట్టి, "అక్క వారానికొక్కసారి అంటది. నువ్వు మూడు పూటలా అంటున్నవ్. ఇద్దరి మధ్యల నేనెట్ల బతకాలె?" అన్నది.



మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. "నువ్వు నోరు తెరవద్దు" అని నాతో మాట తీసుకుని, ప్రార్థన మొదలుకాకముందే అదే గేటు దగ్గర, అదే ఆడవాళ్ల ముందు అక్కను ఆపింది.

"అక్కా, పోయిన నెల అబద్ధం చెప్పిన. రొట్టె కోసం చెప్పిన. అమ్మను తీస్కపోవుట్ల నేను లేట్ చెయ్యలే. నీ మీద కోపం లేదు, ప్రార్థనల రోజూ నీ పేరు తల్సుకుంటున్న. కానీ ఇగ ఆ మాట ఎత్తితే నీ దగ్గర్నుంచి లేచి ఎల్లిపోత."

"గిదేందే, చర్చి ముంగట మాట మారుస్తున్నవ్? మరిదీ, నువ్వే నేర్పినవా దీనికి?"

ఇచ్చిన మాట ప్రకారం నేను నోరు విప్పకుండా లోపలికి నడిచాను.

పళ్లెం వచ్చింది. నా భార్య రొట్టె తీసుకుంది. ముందు వరుసలో అక్క మాత్రం తీసుకోకుండా పక్కకు ఇచ్చేసింది. అది చూసి నా భార్య సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బయట బస్సు కోసం నడుస్తున్న అక్క వెంట పరుగెత్తి, "అన్నం తిని పో" అన్నది.

"నీ కూరల ఉప్పే ఉండదు" అంటూనే అక్క మా గల్లీలోకి తిరిగింది.

భోజనం దగ్గర పప్పుకు, పచ్చడికి, మా ఇంటి గోడకు వంకలు పెట్టింది. నా భార్య నవ్వుతూ విన్నది. తర్వాత అక్క, "అమ్మను గనక ఆ రోజు..." అని మొదలుపెట్టింది. నా భార్య తన కంచం తీసుకుని లేచింది. వంటింటి గడప దాకా వెళ్లింది.

అక్క మాట మధ్యలోనే ఆపింది. గ్లాసు ముందుకు జరిపి, "జర మజ్జిగ పొయ్యి" అన్నది.

నా భార్య వెనక్కి వచ్చి కూర్చుని మజ్జిగ పోసింది.