బోర్లించిన పెనం

గంగాభవాని మొండిదని ఊరంతా అంటుంది. అనకపోతే ఆవిడకే తోచదు. అనకాపల్లి దగ్గరి ఆ పల్లెలోనే పుట్టి, అక్కడే సత్తియ్యను చేసుకుని, చెరుకు నరికి, బెల్లం వండి, కూతురు శ్రీదేవిని డిగ్రీ దాకా చదివించిందంటే ఆ మొండితనం చలవే. పిల్ల ఇప్పుడు రోజూ బస్సెక్కి అచ్యుతాపురంలో మందుల కంపెనీకి వెళ్తోంది.

మొన్నటి వానల్లో శ్రీదేవికి డెంగీ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద పిల్ల కళ్లు తేలేస్తుంటే తల్లి ప్రాణం విలవిల్లాడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "మళ్లీ వస్తే ఇంతకంటే ప్రమాదం కావచ్చు. ఈ దోమ మంచినీళ్లలోనే పుడుతుంది. ఇంటి చుట్టూ నీళ్లు నిలవనివ్వకండి," అన్నాడు.

నీళ్లెక్కడ నిలుస్తున్నాయో వెతకనక్కర్లేదు. పెరట్లో పొయ్యి మీద బెల్లం వండే పెద్ద ఇనప పెనం ఉంది. దాని మీద తాటాకుల పాక ఉండేది, తుఫానుకు ఎగిరిపోయింది. చెరుకు గిట్టుబాటు కాక ఒక్క మడి మిగిలాక, మళ్లీ పాక వేయించే ఓపిక సత్తియ్యకు లేకపోయింది. ఒకప్పుడు కార్తీకం దాటితే వానలు సద్దుమణిగేవి. ఇప్పుడు వాటికో వేళాపాళా లేదు. గంగాభవాని పెనంలోకి వంగి చూస్తే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"పెనం బోర్లించేద్దాం," అంది మొగుడితో.

"దోమలు మురిక్కాలవలో పుడతాయే. ఇవి వాన నీళ్లు," అన్నాడు సత్తియ్య.

అసలు బాధ అది కాదు. ఆ ఊళ్లో పొయ్యి మీద పెనం బోర్లిస్తే ఆ ఇంటివాళ్లు గానుగ ఎత్తేశారని, ఇక చెరుకు వేయరని అర్థం. నలుగురిలో తలెత్తుకు తిరిగే సత్తియ్యకు అంతకంటే తలవంపులు లేవు.

ఆవిడ రోజూ బకెట్టుతో తోడింది. ఎంత తోడినా అడుగున కొన్ని నీళ్లు మిగిలేవి, రాత్రికి మళ్లీ వాన. వాయుగుండం వస్తోందని టీవీలో చెప్పిన రోజు ఆవిడకు ఒళ్లు మండింది. గునపం పట్టుకుని పెరట్లోకి నడిచింది.

"ముట్టుకోకే," అన్నాడు సత్తియ్య.

"నీ పరువుకి నాను కాపలా కాయలేను. పిల్లని మళ్లీ ఆ మంచం మీద సూడలేను."

పెనం అంచు కింద గునపం దూర్చి బలమంతా పెట్టింది. అది కదల్లేదు. చేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. చూసి చూసి సత్తియ్య అరుగు దిగాడు.

"అలాగైతే అంచు ఇరిగిపోద్ది. ఇలా తే," అంటూ భుజం పెట్టాడు.

పెనం బోర్లా పడింది. పురుగులతో సహా నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి. దాని మసిబారిన వీపు చూసి సత్తియ్య కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు పక్కింటి సింహాచలం గోడ మీంచి తొంగి చూశాడు. "ఏటి బావా, గానుగ ఎత్తేసేవేటి?"

సత్తియ్య ముఖం చిన్నబోయింది. తల దించుకుని లోపలికి పోతాడనే అనుకుంది గంగాభవాని. పోలేదు.

"సెరుకంటే మళ్లీ ఏసుకుంటాం బావా. శ్రీదేవిని ఎక్కడినుంచి తెచ్చుకుంటాం?"

సింహాచలం వెనక, అతని పెరట్లో పొయ్యి మీద, పెనం నిండా నీళ్లు మెరుస్తున్నాయి. గంగాభవాని అప్పటికే గునపం అందుకుంది.

"అన్నియ్యా, ఓపాలి గేటు తియ్యి," అంది.