మా బావ స్పీకర్లు

మా బావకు స్పీకర్ల పిచ్చి. పాటల పిచ్చి అనుకునేరు, కాదు. పల్లవి దాటి ఏ పాటనైనా ఆయన వినగా నేను చూడలేదు.

ఆయన మరమగ్గాల షెడ్డులో మెకానిక్కు. ఇరవై రెండేళ్లుగా ఆ దడదడల మధ్యే పని. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లంటే ఆయనకు వెటకారం. "మగ్గం చప్పుడు వింటేనే దాని రోగం తెలుస్తుంది. దూది పెట్టుకునేవాడు మెకానిక్కేంటి?" అనేవాడు.

కొత్త సామాను కొనే తాహతు లేదు. మొదట పైమూత లేని పాత ఆంప్లిఫయర్ తెచ్చాడు. తర్వాత మూతపడ్డ సినిమా హాలు వాళ్లు వదిలించుకున్న బాక్సులు. తర్వాత బొటనవేలంత లావు వైరు. బాక్సుల కింద ఇటుకలు పేర్చి, వెనక గోడకు మేకులు కొట్టి దుప్పట్లు వేలాడదీశాడు. చోటు చాలక అక్క కుట్టుమిషను వంటింట్లోకి పోయింది. ప్రతిసారీ కళ్లు మూసుకుని ఒక్క నిమిషం విని, "పైస్వరాల్లో మెరుపు లేదు" అని తీర్పు చెప్పేవాడు. మళ్లీ రేడియో రిపేరు షాపుకు పరుగు.

అక్కడితో ఆగితే ఆయన ఖర్మ అని ఊరుకుందును. మా మేనకోడలు బాగా పాడేది. సంగీత కళాశాల సెలక్షన్‌కు మూడు నెలలుందనగా ఈయన దాని పాట రికార్డు చేసి, బాక్సుల్లో వేసి, పెద్ద విద్వాంసుడిలా కూర్చున్నాడు.

"పైస్థాయి తేలిపోతోందమ్మా. ఇంకా గట్టిగా లాగు."

నాన్నకు అన్నీ తెలుసనుకుంది పిచ్చిపిల్ల. పొద్దునా సాయంత్రం లాగింది.

"గొంతు బొంగురుపోతోంది, వదిలెయ్యండి" అంది అక్క.

"సౌండు గురించి నీకేం తెలుసు?" అన్నాడు.

నాకు మాత్రం ఆ పాట శుభ్రంగానే వినిపించింది. ఆయనతో వాదించే ఓపిక లేక టీ తాగి ఇంటికి పోయేవాణ్ణి.

సెలక్షన్‌లో రెండో లైనుకే దాని గొంతు పగిలిపోయింది. వెనక్కి పంపేశారు. "ఆ హాల్లో మైకు నాసిరకం" అన్నాడు బావ. మరుసటి వారమే, పైస్వరాలు బాగా పలుకుతాయని విడిగా రెండు చిన్న స్పీకర్లు తెచ్చాడు.

రిపేరు షాపాయన ఆదివారం వచ్చి వాటిని బిగించాడు. "టెస్టింగ్ సౌండ్ వేస్తున్నానన్నా" అని బటన్ నొక్కాడు. సన్నటి ఈల సూదిలా చెవుల్లో దిగింది. అక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది. పిల్లి కిటికీలోంచి దూకి పారిపోయింది. బావ మాత్రం కళ్లు మూసుకుని, తల ఓ పక్కకు వాల్చి కూర్చున్నాడు.

"కానివ్వవయ్యా, ఇంకెప్పుడు వేస్తావు?"

షాపాయన మా వంక చూసి, సౌండ్ ఇంకాస్త పెంచాడు. "ఇప్పుడన్నా?"

"ఏదీ?"

గుమ్మంలో నిలబడ్డ మేనకోడలు లోపలికొచ్చి స్విచ్చి కట్టేసింది.

"అయితే నా గొంతు బాగానే ఉండేదన్నమాట" అంది, గాలి తప్ప ఏమీ మిగలని ఆ గొంతుతో.

బావ దాని పెదాల వంక చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమంటోందిరా?" అని అడిగాడు.