అక్క లెన్సుల డబ్బీ

శుక్రవారం మధ్యాహ్నం, గిరాకీ పలచబడ్డ వేళ, కళ్ళద్దాల షాపు వెనకగదిలో ఆమె కాంటాక్ట్ లెన్సుల సొల్యూషన్ బాటిళ్ళ మెడలు కత్తిరిస్తోంది.

గడువు దాటిన సరుకు వారానికోసారి ఆమె చేతికే వస్తుంది. సీలు తీయనివి కంపెనీకి తిరిగి వెళ్తాయి. కస్టమర్లు తెచ్చి వదిలేసినవి, షాపులో వాడగా మిగిలినవి ఇక్కడే ఖాళీ చేయాలి. సొల్యూషన్ సింకులో పోసి, కుళాయి ధారగా వదులుతుంది. లేబుల్ చింపి, మెడ కోసి, బాటిల్‌ను ప్లాస్టిక్ సంచిలో వేస్తుంది. మెడ ఉన్న బాటిల్‌ను ఎవరైనా మళ్ళీ నింపుకుని వాడతారని ఆమె భయం. లెన్సుల పని వేరు. రేకు ఒలిచి, ఒక్కో లెన్సునూ కాగితం మీద ఆరబెడుతుంది. ఎండితే అవి చేప పొలుసుల్లా ముడుచుకుంటాయి. అప్పుడు పొడి చెత్తలో వేస్తుంది. సింకులోకి మాత్రం ఒక్కటి కూడా జారనివ్వదు. అవి నీళ్ళలో కరిగేవి కావు, ముక్కలై కాలవల దాకా పోతాయి.

షాపు యజమాని గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఇంత శ్రద్ధగా గొంతులు కోసేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదమ్మా. మీ ఆయన జాగ్రత్తగా ఉంటున్నాడా?"

"ఆయనకింకా గడువు దాటలేదు సార్."

యజమాని నవ్వుకుంటూ వెళ్ళాక, సగం మిగిలిన ఒక బాటిల్‌ను ఆమె కోయకుండా చేతిసంచిలో వేసుకుంది. అలా తీసుకెళ్ళడం అది మొదటిసారి కాదు.

బాటిల్ ఆమె బావకి. అక్క పోయి ఏడాది దాటింది. అక్క తేనెరంగు లెన్సులు పెట్టుకునేది, పవర్ ఉన్నవే. చెల్లెలి షాపులోనే కొనుక్కుంది. చివరి సాయంత్రం తలనొప్పిగా ఉందని లెన్సులు తీసి డబ్బీలో పెట్టి, కళ్ళజోడుతో ఆసుపత్రికి వెళ్ళింది. కళ్ళజోడు ఒక కవర్లో ఇంటికొచ్చింది. డబ్బీ మాత్రం స్నానాలగది అరమీద, అక్క పెట్టినచోటే ఉండిపోయింది.

"అవి ఎండితే ఏమవుతాయి?" అని బావ ఒకరోజు అడిగాడు.

"పెంకులవుతాయి బావా. ముట్టుకుంటే విరిగిపోతాయి."

ఆ మాట ఎందుకన్నానా అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. బావ కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మనిషి. చేతులకెప్పుడూ నల్లటి జిడ్డే. ఆ చేతుల్ని రోజూ పొద్దున్నే సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, డబ్బీ మూతలు విప్పి, తగ్గినమేర సొల్యూషన్ నింపడం మొదలుపెట్టాడు. పాతది ఎప్పుడూ పారబోయలేదు, పైన పోశాడంతే. పారబోస్తే దాంతోపాటు భార్య కూడా పోతుందేమోనన్నట్టు.

సొల్యూషన్ అయిపోయినప్పుడు మరదల్ని అడిగాడు. ఎవరి కంటికీ తగలనిదానికి కొత్తదెందుకు, ఎటూ సింకులో పోసేదే కదా అనుకుని, ఆమె గడువు దాటినవి తెచ్చివ్వసాగింది. ఆ ఇంట్లో ఇంకో జత కళ్ళున్నాయన్న సంగతి ఆమెకు తట్టలేదు.

నిజానికి ఆ డబ్బీ అంటే ఆమెకు భయం. షాపులో వందల లెన్సులు ముట్టుకునే మనిషి, అక్కవాళ్ళింట్లో మొహం కడుక్కునేటప్పుడు ఆ అర వైపు తలెత్తేది కాదు. ఒకసారి మూతలు తీసి ఉండగా చూసింది. రెండు గుంటల అడుగున రెండు తేనెరంగు వలయాలు పైకి చూస్తున్నాయి. ఆమె పక్కకు జరిగితే అవీ జరిగినట్టనిపించింది. ఆ తర్వాత చేతులు కడుక్కోవడానికి వంటింటి కుళాయి దగ్గరికే వెళ్ళేది.

శుక్రవారం సాయంత్రం బాటిల్ ఇచ్చి వచ్చింది. మంగళవారం అక్క కూతురు కాలేజీ ఎగ్గొట్టి షాపుకొచ్చింది. ఎడమకన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"పిన్నీ, ఆ లైటు కట్టెయ్యవా. సూదుల్తో పొడిచినట్టుంది."

ఆమె చెయ్యి తీసి చూసింది. తెల్లగుడ్డంతా ఎరుపు. నల్లగుడ్డు మీద, ఆవగింజలో సగమంత తెల్లటి చుక్క.

"ఏం పెట్టుకున్నావే?"

"అమ్మవి." పిల్ల గొంతు తగ్గింది. "ఆదివారం. సరదాకి. ఒక్కసారి అద్దంలో చూసుకుని తీసేద్దామనుకున్నా."

"తీశావా మరి?"

"నాన్న తియ్యనివ్వలేదు."

మిగతాది ఆటోలో చెప్పింది. లెన్సులు పెట్టుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్ళి "కాఫీ పెట్టావా?" అందట. నాన్న తిరిగి చూశాడు. చేతిలో గ్లాసు జారి పగిలింది. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, "ఇంకాసేపు ఉంచుకో, తీయకు" అన్నాడు. కళ్ళు మండుతున్నాయని మధ్యాహ్నం చెప్పింది. "కాసేపే, అమ్మా" అన్నాడు. చీకటి పడేదాకా ఉంచుకుంది. ఆ రోజంతా నాన్న తనని పేరు పెట్టి పిలవలేదంది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. "పుండు పడింది. లోపలికి దిగితే చూపు దక్కడం కష్టం. ఆ లెన్సులు, డబ్బీ, సొల్యూషన్ ఈ పూటే తెండి. కడగొద్దు, పారబోయొద్దు. దాంట్లో ఏ క్రిమి ఉందో తెలిస్తే సరైన మందు వెయ్యొచ్చు. సొల్యూషన్ ఎక్కడ కొన్నారు?"

"కొనలేదండి. గడువు దాటింది. నేనే షాపునుంచి తెచ్చిచ్చాను."

"ఏం పని మీది?"

"లెన్సుల కౌంటర్."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ రాసుకోసాగింది.

ఇంటికి వెళ్ళేసరికి బావ స్నానాలగదిలో ఉన్నాడు. డబ్బీ పిడికిట్లో ఉంది. కూతురు ఫోన్ చేసి అంతా చెప్పేసిందట.

"పరీక్షకిస్తే తిరిగిస్తారా?" అన్నాడు.

"ఇవ్వరు బావా."

"బాటిల్ తీసుకెళ్ళు. అందులో ఉన్న నీళ్ళే కదా దీంట్లో ఉన్నవి."

"కాదు. ఏడాదిగా ఊరినవి దీంట్లోవే. ఇటివ్వు."

"ఇవి మీ అక్క కళ్ళే."

"కళ్ళు కావు. ప్లాస్టిక్. వారం వారం నేను చెత్తలో వేసేవే." ఆమె చెయ్యి చాపింది. "కళ్ళంటే అక్కడ ఆసుపత్రిలో ఉన్నాయి. నువ్విలాగే నిలబడితే వాటిలో ఒకటి పోతుంది. అక్కయితే ఈపాటికి నీ వేళ్ళు విరిచి లాక్కునేది."

"విరిచేసేదే," అన్నాడు. పిడికిలి విప్పలేదు. "ఆదివారం మీ అక్క నావైపు చూసింది. చూస్తున్నది అది కాదని నాకు తెలుసు. తెలిసే పిల్లని కూర్చోబెట్టాను."

ఆమె చెయ్యి అలాగే చాపి ఉంచింది. కాసేపటికి బావ డబ్బీని ఆమె అరచేతిలో పెట్టాడు. అలవాటుగా కుళాయి తిప్పి సబ్బు అందుకుని, తోముకునే పనేమీ లేదని గుర్తొచ్చి కుళాయి కట్టేశాడు.

దారిలో ఆమె ఒక మూత కొద్దిగా విప్పింది. లోపల నీళ్ళు పలచటి గంజిలా ఉన్నాయి. వలయం కనిపించలేదు. ఇన్నేళ్ళలో ఆరబెట్టకుండా ఆమె మోసుకెళ్ళిన పాత లెన్సులు ఇవే. మూత బిగించి, ఒలికిపోకుండా రెండు చేతుల్తో పట్టుకుంది.

ల్యాబ్ కుర్రాడు చేతితొడుగులు వేసుకుని అందుకున్నాడు. వెనకే వచ్చిన బావ అడిగాడు. "పరీక్షయ్యాక వీటినేం చేస్తారు?"

"మరిగే ఆవిరిలో పెట్టి, ఎర్ర సంచిలో వేసి పంపేస్తామండి."

"ఆరబెట్టరా?" అంది ఆమె.

"ఇవి ఆరబెట్టే రకం కాదక్కా."

మర్నాటికే మందు మారింది. గంటకో చుక్క, రాత్రుళ్ళు కూడా. బావ కూతురి పక్కనే చాప వేసుకుని పడుకుని, అలారం మోగకముందే లేచేవాడు. ఆమె షాపు యజమానికి సంగతంతా చెప్పింది. ఆయన తిట్టాల్సినంతా తిట్టి, గడువు దాటిన సరుకు పని తనే తీసుకున్నాడు. మెడలు వంకరటింకరగా కోస్తాడు. ఆమె ఏమీ అనదు.

స్నానాలగది అరమీద డబ్బీ ఉన్నచోట తెల్లటి గుండ్రటి మరకలు రెండు మిగిలాయి. పిల్ల వాటిని తోమింది, పోలేదు. ఇప్పుడు మొహం వంటింట్లో కడుక్కుంటోంది.

నెల తర్వాత పరీక్షలో కుడికన్ను చార్టు చివరి వరస దాకా చదివింది. ఎడమకన్ను మూడో వరస దాకా చదివి, నాలుగో వరసలో మొదటి అక్షరం దగ్గర ఆగింది. మధ్యలో పొగలా ఉందని పిల్ల చెప్పింది. మచ్చ తగ్గవచ్చు, తగ్గకపోనూ వచ్చని డాక్టరమ్మ అంది. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ రమ్మంది.