పది రోజులు బతకాల్సిన కుక్క

పెళ్లైన మూడో ఏడు హసన్‌పర్తిలోని మా తల్లిగారింటి నుంచి ఒక కుక్కపిల్లను సంచిలో పెట్టుకొని బస్సులో వరంగల్ తెచ్చుకున్నాను. డెబ్బైల చివరి రోజులవి. అత్తగారింట్లో రెండు మగ్గాలు. మామ, నా భర్త నేసేవాళ్లు. అత్త, నేను మగ్గానికి నూలు కండెలు చుట్టేవాళ్లం. నాకింకా పిల్లలు లేరు.

నెల తిరక్కుండానే అది పడుగు దారాలకు పట్టించిన గంజి నాకడానికి పోయి, నూలు కొరికి పోగులు తెంపేసింది. నా భర్త కట్టెతో కొట్టాడు.

"ఉంచుకుంటే కట్టేసి ఉంచు. లేకుంటే చెరువు కాడ ఇడిసిపెట్టొస్త" అన్నాడు.

అరుగు స్తంభానికి గొలుసుతో కట్టేశాను. రోజూ వాకిలి ఊడ్చాక కాసేపు దాని ముందు కూర్చొని, అన్నం ముద్ద చూపించి "ఆగు" అనేదాన్ని. నాలుగైదు రోజుల్లోనే ఆ మాట పట్టుకుంది. నేర్పితే నేర్చుకునే జీవమే. కానీ నేను కూర్చుంటే కండెలు అందక మగ్గం ఆగేది. "కుక్కకు సదువు చెప్తున్నవా?" అని అత్త లోపలి నుంచి కేకేసేది. నేర్పడం రెండు రోజులకోసారైంది, ఆ తర్వాత మానేశాను. గొలుసు మాత్రం విప్పలేదు.

ఏడాదికల్లా అది దారిన పోయే ప్రతి మనిషి మీదికీ ఎగబడేది. "ఇగ మనింటికి దొంగ రాడు" అని నా భర్త మురిసిపోయాడు. అది భయంతో మొరుగుతోందని నాకు తెలుసు. చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య దూర్చి మొరిగేది. తెలిసీ ఊరుకున్నాను.

నాకు కండె చుట్టడం నేర్పింది పక్కింటి అక్క. ఒక మధ్యాహ్నం ఆమె కూర గిన్నె పట్టుకొని మా వాకిట్లోకి వచ్చేసరికి గొలుసు కొక్కెం ఊడింది. కుక్క ఆమె పిక్క పట్టుకుంది. "ఆగు, ఆగు" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆగలేదు.

హనుమకొండ దవాఖానలో డాక్టరు చెప్పాడు: "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. కుక్కను కట్టేసి చూడండి. పది రోజులు మంచిగ ఉంటే దానికి పిచ్చి లేనట్టే, సూదులు ఆపేద్దాం. లేదంటే, అది మధ్యల చచ్చినా, అన్నీ ఏసుకోవాలె."

మర్నాటి నుంచి వాడ మగవాళ్లు కుక్కను చంపడానికి కర్రలతో వచ్చేవాళ్లు. "పది రోజులు ఆగుండ్రి అన్నా, అక్క కోసమే" అని అడ్డం నిలబడేదాన్ని. పొద్దున్నే పోయి "నీళ్లు తాగింది అక్కా, అన్నం తిన్నది" అని చెప్పేదాన్ని. రోజూ బస్సులో ఆమెను నేనే తీసుకుపోయాను. సూదులకు పొట్ట రాయిలా గట్టిపడి, చీర కుచ్చిళ్లు దోపుకోలేక చేత్తో పట్టుకొని నడిచేది.

ఎనిమిదో సూది వేయించుకొని ఇద్దరం తిరిగొచ్చాం. స్తంభం దగ్గర గొలుసు ఒక్కటే ఉంది. అత్త అరుగు కడుగుతోంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అందరు మీదికొచ్చిన్రు. నేనేం జెయ్యాలె?" అన్నాడు నా భర్త.

"ఇంక రెండు రోజులే గదా!" అన్నాను.

అక్క కాసేపు ఆ నీళ్లనే చూసింది.

"అంటే ఇంకా ఆరు సూదులా?" అని అడిగి అక్కడే కూలబడింది.

మరునాడు బస్సుకు తయారై ఆమె ఇంటికి పోయాను. "నువ్వొద్దులే చెల్లె, మా ఆయన వస్తున్నడు" అంది. మిగిలిన ఆరూ నేను లేకుండానే వేయించుకుంది. జబ్బేమీ రాలేదు. మా వాకిట్లోకి మాత్రం మళ్లీ అడుగుపెట్టలేదు. ఎదురుపడితే "బాగున్నవా" అనేది, అంతే. ఆ కుక్కను చెడగొట్టింది నేనేనని ఆమెతో చెప్పాలని ఎన్నోసార్లు బయలుదేరి, గడప దాకా పోయి తిరిగొచ్చాను.

రెండేళ్లకు మగ్గాల పని వెతుక్కుంటూ వాళ్లు బొంబాయి దగ్గరి భివండీ వెళ్లిపోయారు. ఆ రోజు నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె తాళం వేసి, నా వైపు చూడకుండా రిక్షా ఎక్కింది.