నాకేనని చెప్పి తెచ్చిన గోలి

నిన్న మధ్యాహ్నం కలాకంద్ డబ్బా పట్టుకొని రవూఫ్ భాయ్ మెడికల్ షాపుకు వెళ్లాను.

షట్టర్ దించి ఉంది.

మా గౌలిపురలో ఆ టైంలో ఆ షట్టర్ దించడం నాకు తెలిసి ఒక్కసారే జరిగింది. అది కూడా మా ఇంటికి రావడానికే.

ఏదన్నా పని మీద పోయాడేమో అనుకొని మెట్టు మీద కూర్చున్నాను. పక్కన జిరాక్స్ షాపాయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"రవూఫ్ భాయ్ లేడు కాకా. పొద్దుగాల గుండె ఆగిపోయిందంట."

డబ్బా నా ఒళ్లోనే ఉంది. అది ఎందుకు తెచ్చానో చెప్పాల్సిన మనిషే లేడు.

నిన్న పొద్దున మా సుజాతకు చెకప్. రిపోర్టులన్నీ నార్మల్ అన్నది డాక్టరమ్మ. మలక్‌పేట నుంచి ఆటోలో వచ్చి, మా ఇంటి మెట్లన్నీ ఎక్కడా ఆగకుండా ఎక్కింది నా బిడ్డ. పోయిన ఏడాది నాలుగో మెట్టు మీదనే కూర్చుండిపోయేది. ఊపిరి అందేది కాదు.

నేను కింద నిలబడి చూస్తూ ఏడ్చాను. సంతోషంతో. ఈ వయసులో నాకు ఇంత సంతోషం రాసిపెట్టి ఉందని అనుకోలేదు.

అది రవూఫ్ భాయ్ పెట్టిన భిక్ష. అందుకే ఇన్నాళ్లు దాచిన మాట ఈరోజు అందరి ముందు రాస్తున్నాను. సుజాతను అడిగే రాస్తున్నాను.

గల్లీలో అందరికీ "రాళ్ల ఆపరేషన్" అని చెప్పాం. అది అబద్ధం.

బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్ అది. లోపల కడుపును కోసి, చిన్నది చేసి కుట్టేస్తారు. నిజం చెప్తే "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది" అంటారని భయపడ్డాం.

ఆ భయమే నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది.

హాస్పిటల్ నుంచి వచ్చిన పన్నెండో రోజు సుజాతకు నడుం నొప్పి పట్టుకుంది. నా మోకాళ్లకు వాడే గోలి ఉంది కదా అనుకున్నాను. పదేళ్లుగా వాడుతున్నాను, నాకేం కాలేదు, దానికేం అవుతుంది అనుకున్నాను.

ఖాళీ స్ట్రిప్ జేబులో వేసుకొని షాపుకు పోయాను. మేమంతా అంతే. డాక్టర్ చీటీ ఉండదు. ఖాళీ స్ట్రిప్ చూపిస్తాం, కత్తిరించి ఇస్తారు.

రవూఫ్ భాయ్ మాత్రం కత్తెర పట్టుకునే ముందు అడుగుతాడు. "ఎవరికి?"

బిడ్డకు అంటే ఆపరేషన్ కాగితం చూపించమంటాడు. చూపిస్తే గుట్టు బయటపడుతుంది.

"నాకే భాయ్. మోకాళ్లు."

"నీకు మోకాళ్లు రెండేనా యాదన్నా, నాలుగున్నయా? మొన్ననే గదా తీస్కపోయినవ్."

నవ్వాను. ఆయన కూడా నవ్వి నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చాడు.

పోతూ పోతూ ఒక మాట అడిగాను. "ఇవి నూరి నీళ్లల్ల కలుపుకోవచ్చా భాయ్?"

సుజాత మందులన్నీ కొన్నాళ్లు నూరి ఇమ్మని హాస్పిటల్‌లో చెప్పారు మరి. ఆయన జవాబు చెప్పే లోపు వేరే గిరాకీ వచ్చింది. నేను ఇంటికి వచ్చేశాను.

గోలి నూరాను. స్పూన్‌లో కలిపి సుజాత చేతికిచ్చాను.

గుమ్మంలో రవూఫ్ భాయ్. ఆయాసపడుతున్నాడు. అరవై దాటిన మనిషి ఆ ఎండలో పరుగెత్తుకొని వచ్చాడు.

"మోకాళ్ల నొప్పికి గోలి నూరి తాగెటోన్ని నేను ఇప్పటిదాక చూడలే అన్నా. సచ్ బోలో, నిజం చెప్పు. ఎవరికి?"

అప్పుడు ఆయన కళ్లు స్పూన్ మీద పడ్డాయి.

"బేటీ, అది కింద పెట్టు."

అంతా చెప్పేశాను. డిశ్చార్జ్ కాగితం అడిగాడు. టీవీ కింద మడత పెట్టి ఉంది. పన్నెండు రోజులుగా అక్కడే. ఇంగ్లీషులో ఉందని నేను తెరవనే లేదు. ఆయన వేలు పెట్టి ఒక లైన్ చూపించాడు. వాడకూడని మందుల్లో మొదటిది ఆ నొప్పి గోలీనే.

"కుట్ల కాడ పుండు పడ్తది అన్నా. లోపల్లోపల రక్తం పోతది, మనకు తెల్వదు. నీకు పడ్డదని బిడ్డకు పడ్తదా?"

ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే అని ప్రతిరోజూ అనుకుంటాను.

"నన్ను తిట్టు భాయ్" అన్నాను.

"తిడ్త. ముందుగాల హాస్పిటల్‌కు ఫోన్ కొట్టు."

ఫోన్ చేస్తే ఏది ఇవ్వాలో వాళ్లే చెప్పారు.

ఆయన అంతటితో పోలేదు. మా ఇంట్లో బిస్కెట్ డబ్బా ఒకటి ఉంది. మిగిలిన గోలీలన్నీ అందులోనే. కత్తిరించి తెచ్చినవి కాబట్టి దేని మీదా పేరుండదు, రంగు చూసి మింగుతాం. ఆ డబ్బా చంకలో పెట్టుకొని తీసుకుపోయాడు. పోయే ముందు ఫ్రిజ్ మీద తెలుగులో ఒక కాగితం రాసి అంటించాడు.

"నొప్పి గోలి కానీ, జలుబు గోలి కానీ, గ్యాస్ మందు కానీ, సుజాత బేటీకి ఇచ్చే ముందు డాక్టర్‌ను అడగాలి."

గల్లీలో ఎవరైనా అడిగితే "రాళ్ల ఆపరేషన్" అనే చెప్పాడు. మా అబద్ధాన్ని మాకంటే గట్టిగా కాపాడాడు.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత మట్టి ఇచ్చారు. నేను కూడా మూడు దోసిళ్లు వేశాను.

ఈరోజు పొద్దున సుజాత "తల నొస్తుంది బాపు" అన్నది. రాత్రంతా ఏడ్చింది కదా. నేను చెప్పులు వేసుకొని గల్లీ మూల దాకా పోయాను. అప్పుడు గుర్తుకొచ్చింది, రవూఫ్ భాయ్ లేడని. షాపులు చాలా ఉన్నాయి. ఏమీ అడగకుండా కత్తిరించి ఇస్తారు.

అక్కడే ఆగిపోయాను. నాకిప్పుడు అదే భయం. వెనక్కి వచ్చి, ఫ్రిజ్ మీద కాగితం చదువుకొని, హాస్పిటల్‌కు ఫోన్ చేశాను.

మందుల షాపులో ఎవరికని అడిగితే నిజం చెప్పండి. అడగకపోయినా చెప్పండి. సిగ్గుపడి నాలా దాచకండి.

రవూఫ్ భాయ్, ఆరోజు కౌంటర్ దగ్గర అడిగినవ్ కదా, ఎవరికని.

నాకు కాదు భాయ్. నా బిడ్డకు.

ఇంక నువ్వు ఎండలో ఉరికి రావాల్సిన పని లేదు. నిమ్మళంగా పండుకో. ఆ మట్టి నీకు చల్లగా ఉండాలి.