ల్యాప్‌టాప్‌కు ట్రాక్టరు బోల్టు

కమలాపురం చుట్టుపక్కల ఓబుళేశులకు కరువు లేదు. బంకు ఓబుళేశు ఉన్నాడు, బోర్ల ఓబుళేశు ఉన్నాడు, రెండు పెళ్లిళ్ల ఓబుళేశు ఉన్నాడు. మన ఓబుళేశును మాత్రం కంప్యూటర్ ఓబుళేశు అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన మీసం కింద చిన్నగా నవ్వుకుంటాడు. ఎందుకంటే ఆ ఇంట్లో పుట్టినవాడికి రావాల్సిన పేరు వేరే.

ఆయన తాత పుల్లయ్య. పుల్లయ్య బస్సెక్కితే సీటివ్వడానికి ఒక మనిషి కాదు, వరుస వరుసంతా లేచేదట. అంత గౌరవం ఎందుకని ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. చివరికి ఆయన కూడా అందరిలాగే మంచం మీద, దగ్గుతో పోయాడు. తాత నుంచి మనవడికి చీనీ బత్తాయిల తోట, గుబురు మీసం, పెద్ద గొంతు వచ్చాయి. కోపం కూడా వచ్చింది గానీ అది దారి తప్పి మనుషుల మీదికి పోకుండా కంప్యూటర్ల మీదికి పోయింది.

ఇంజనీరింగ్ చదవమని కర్నూలుకు పంపితే ఓబుళేశు పరీక్షలు తప్ప మిగతావన్నీ శ్రద్ధగా చేశాడు. హాస్టల్లో ఎవరి కంప్యూటర్ చెడిపోయినా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లేవాడు. చెడిపోని కంప్యూటర్ల దగ్గరికీ వెళ్లేవాడు, ఆ తర్వాత అవీ చెడిపోయేవి. డిగ్రీ రాలేదు గానీ, విడిభాగాలు ఒక్కొక్కటే కొని సొంతంగా కూర్చుకున్న కంప్యూటర్ ఒకటి వచ్చింది. మానిటర్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఊరికి తెచ్చాడు. కండక్టరు దానికీ టికెట్ కొట్టాడు.

ఆ యంత్రం ఇప్పటికీ తోటలోని మోటారు గదిలో నడుస్తోంది. దుమ్ము, ఎండ, వస్తూ పోతూ ఉండే కరెంటు, ఇవేవీ దాన్ని చంపలేకపోయాయి. ఒకసారి దాని లోపల బల్లి గుడ్లు పెడితే, పిల్లలు తమ దారిన తాము వెళ్లేదాకా ఆగి, ఓబుళేశు మూత బిగించి స్విచ్ వేశాడు. అది మళ్లీ లేచింది. కాయలు బేరం చేయడానికి వచ్చే వ్యాపారులకు ముందు దాన్ని చూపించి, తర్వాతే చెట్ల దగ్గరికి తీసుకెళ్తాడు.

"చూడప్పా, ఇది ఇనుము. ఇప్పుడు చేసేటివి యాడుండాయి ఇట్ల? అన్నీ అప్పడాలు! గట్టిగా దగ్గితే ఇరుగుతాండాయి."

కొత్త ల్యాప్‌టాప్ అంటేనే ఆయనకు ఒళ్లు మంట. పలచన చేయాలని పనికొచ్చేవన్నీ పీకేశారంటాడు. బ్యాటరీ సులువుగా బయటికి రాదు. మెమరీని బోర్డుకే అతికించేశారు, పెంచుకోవాలంటే యంత్రాన్నే మార్చాలి. స్క్రూ ఉండాల్సిన చోట జిగురు పూశారు. వైరు పెట్టుకునే రంధ్రాలు ఒకటో రెండో ఇచ్చి, మిగతావి విడిగా కొనుక్కోమంటారు.

"చొక్కా అమ్మి గుండీలు వేరేగా అమ్మినట్ల ఉండాది," అంటాడు. "అంగట్లో వాడు 'ఇది శానా లైట్ వెయిట్ సార్' అంటాడు. నేనేమన్నా నెత్తిన పెట్టుకోని తిరుమల ఎక్కుతాండానా?"

భార్య శిల్పది ప్రొద్దుటూరు. ఇంట్లో నుంచే ఫోన్‌లో చీరలు చూపించి అమ్ముతుంది. ఈ ఉపన్యాసం ఆమెకు కంఠతా వచ్చు. భర్త ఊపిరి తీసుకోవడానికి ఆగితే మిగతాది తనే పూర్తి చేయగలదు. "ఆ డబ్బాను మోటారు గదికి పంపింది నేనే. లేకుంటే మా మంచం మీద అది నడుమ పండుకునేది," అని చుట్టాలకు చెబుతుంది.

కూతురు లక్ష్మీప్రియకు తిరుపతిలో వ్యవసాయ డిగ్రీలో సీటొచ్చింది. ల్యాప్‌టాప్ కావాలంది. నాన్న తన చేత్తో ఒక కంప్యూటర్ కూర్చి ఇస్తానన్నాడు.

"దాన్ని హాస్టలుకు యెట్ల తీసుకపోవాల నాన్నా?"

"మన డ్రైవరు దాసన్న బండిలో దింపుతాడు."

"క్లాసుకు?"

తల్లీకూతుళ్లు కడపకు వెళ్లి బంగారు రంగులో మెరిసే పలచటి ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కొచ్చారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే విరుగుతుందని భయమట.

ఏడాది తిరక్కముందే, సెలవులకు వచ్చిన లక్ష్మీప్రియ హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్ తెరవబోతే టప్పుమంది. తలుపుకు బందు ఉన్నట్టే స్క్రీనుకూ కింది భాగానికీ మధ్య రెండు చిన్న బందులు ఉంటాయి. వాటిలో ఒకటి ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికొచ్చింది. స్క్రీను ఒకవైపుకు వాలిపోయింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓబుళేశు ముఖం మాత్రం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

"చెప్పలే? నేను చెప్పలే?"

"సంతోషపడేది ఆపి బాగుచేయించుకోని రాపోండి," అంది శిల్ప.

కంపెనీవాళ్ల నోటితోనే ఒప్పించాలని ఆయన ఒక పథకం వేశాడు. బందు అంటే ఎలా ఉండాలో, పెట్టె అంటే ఎలా ఉండాలో ఎదురుగా పెట్టి చూపిస్తే ఎవడైనా సిగ్గుపడతాడని ఆయన నమ్మకం. పాత సామాన్లలోంచి కంప్యూటరుకు కరెంటు అందించే, ఫ్యాను ఉన్న ఇనుప పెట్టె ఒకటి, రెండు ఇనుప బందులు, ఒక బరువైన రేకు తీసి గోనెసంచిలో వేశాడు. డ్రైవరు దాసన్న స్కార్పియో తీశాడు. ఎర్రగుంట్లలో పెళ్లి చూసుకుని కడపలో బోరు మోటారు కొనాలని పెదనాన్న కొడుకులు ముగ్గురు అదే బండెక్కారు. పెళ్లికని అందరూ తెల్లచొక్కాలు వేశారు. మీసాల విషయంలో ఆ ఇంట్లో ఎవరికీ లోటు లేదు.

సర్వీసు సెంటరు ముందు బండి ఆగేసరికి ఎండ మాడ్చేస్తోంది. లోపల ఏసీ ఉందని తెలిసి అన్నదమ్ములు, దాసన్న అందరూ ఓబుళేశు వెంటే దిగారు. లోపల కుర్చీలు ఖాళీ లేక గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి కుర్చీలు వాటంతటవే ఖాళీ అయ్యాయి.

మేనేజరు శ్రీకాంత్ ఈమధ్యే విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చాడు. కడప గురించి అతనికి తెలిసిందంతా సినిమాల్లో చూసిందే. ఓబుళేశు గోనెసంచిని బల్ల మీద పెట్టాడు. ఠంగుమంది.

"వారంటీ మాటలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ సంచిలో ఏముండాదో చూడు. నీకే అర్థమైతాది."

శ్రీకాంత్ కుర్చీ వెనక్కి జరిగింది. "వద్దు సార్. సంచి విప్పొద్దు సార్. లోపల ఆడపిల్లలు పనిచేస్తున్నారు."

"వాళ్లను గూడా పిలువు. అందరూ చూడాల్సిందే."

"సార్, మీ సమస్యేంటో చెప్పండి సార్, ఇప్పుడే తేల్చేద్దాం."

ఓబుళేశు విరిగిన ల్యాప్‌టాప్ చూపించాడు. శ్రీకాంత్ దాన్ని తిప్పి కూడా చూడలేదు. లోపలికి పరుగెత్తి, సీలు విప్పని కొత్త పెట్టెతో తిరిగొచ్చాడు. "ఇది తీసుకెళ్లండి సార్. పైవాళ్లతో నేను మాట్లాడుకుంటాను."

"కొత్తది అడిగినానా నేను? ఈ బందు నాసిరకమా కాదా, అది చెప్పు."

"నాసిరకమే సార్."

"యెందుకు నాసిరకం?"

"మొత్తం కంపెనీయే నాసిరకం సార్. నేను కూడా నాసిరకమే సార్."

ఓబుళేశుకు చిరాకేసింది. వాదించడానికి వస్తే వీడు ఒప్పుకుంటూ పోతున్నాడు. సంచి మూతి విప్పి, వైర్లు వేలాడుతున్న ఆ కరెంటు పెట్టెను బయటికి లాగాడు. శ్రీకాంత్ బల్ల కిందికి దూరాడు. దాసన్న వంగి, "లేయి సార్, అది ఉత్త ఫ్యాను పెట్టె," అని ఎంత చెప్పినా ఆ మేనేజరు పైకి రాలేదు. చివరికి బల్ల కింది నుంచే ఒక చెయ్యి కొత్త పెట్టెను ఓబుళేశు వైపు నెట్టి, విరిగినదాన్ని లోపలికి లాక్కుంది.

తిరుగు ప్రయాణంలో అన్నదమ్ములు పగలబడి నవ్వారు. "తాత పోయినా ఆయన మీసం ఇంకా పనిచేస్తాందిరా," అన్నాడు పెద్దాయన. ఓబుళేశు ఆ కొత్త పెట్టెను కాళ్ల దగ్గరికి తోసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. జీవితమంతా స్క్రూలు తిప్పి సంపాదించుకున్న పేరు ఆ గదిలో చెల్లలేదు. మీసం చూసి జడుసుకుని తప్పు ఒప్పుకుంటే ఆయనకు అది ఒప్పుకున్నట్టే అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

వారం తర్వాత ఆయన మీసం కత్తిరించుకున్నాడు. చూసి శిల్ప ఉలిక్కిపడింది. ప్యాంటూ చొక్కా వేసుకుని, ఆ కొత్త ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఒక్కడే బస్సులో కడపకు వెళ్లాడు. టోకెను తీసుకుని అందరిలాగే కూర్చున్నాడు. శ్రీకాంత్ సెలవు మీద ఉన్నాడట. వంతు వచ్చేసరికి ఎదురుగా శివజ్యోతి అనే అమ్మాయి ఉంది. ఆదోని దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడ మరమ్మతులు చేస్తోంది.

"ఇది వాపసు తీసుకోమ్మా. మా పాత దాన్నే బాగుచేసి ఇయ్యి. న్యాయంగా యెంతైతే అంత కడతా."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "కొత్తది వాపసిచ్చి ఇరిగినదాన్ని అడిగేటోన్ని ఇప్పుడే చూస్తాండా సార్. ఇంట్లో అంతా బాగుండారా?"

"బాగుండారు. నాకు ఒక్క మాట చెప్పు, ఈ బందు యెందుకు ఇరుగుతాంది?"

శివజ్యోతి లోపలి నుంచి పాతదాన్ని తెచ్చి అడుగు రేకు విప్పింది. స్క్రూ బిగించే గోరంత ఇత్తడి మరను ప్లాస్టిక్‌లో పొదిగారు, స్క్రీను బరువంతా దాని మీదే. "చూడండి. ఇరగాలనే చేసినారని నేననను. ఇరగకూడదని మాత్రం చేయలేదు సార్."

ఓబుళేశుకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు ఒక మనిషి! ఆ ఊపులో తన మోటారు గది యంత్రం గురించి మొదలుపెట్టాడు. ఆమె సగంలోనే ఆపేసింది.

"పాతవన్నీ గట్టియేం కావు సార్. మీది బతికింది కాబట్టి మీరు చెప్తాండారు. దాంతోపాటు పుట్టినవి ఎన్ని పాతినుప గుజిరికి పోయినాయో ఎవరు చెప్తారు? ఆ కాలం బోర్డులు పొంగి పగిలిపోయేటివి, నేను చూసినా."

"పగిలినా మార్చుకునే వీలుండేది గదమ్మా!"

"అది ఒప్పుకుంటా. ఇప్పుడు మార్చే వీలే పెట్టలేదు. దుడ్లన్నీ పలచనకే పోతాండాయి."

వెనక టోకెన్లవాళ్లు గొణుగుతున్నా ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ఆమె దేనికీ జడవలేదు, ఊరికే తలూపనూ లేదు. ఓబుళేశు సగం వాదనలు ఓడిపోయి, ఎన్నడూ లేనంత హుషారుగా బయటికొచ్చాడు. విరిగినదాన్ని మాత్రం బాగుచేయలేమందామె. ఆ భాగం విడిగా రాదు, మొత్తం చట్రం మార్చాలి, అది కంపెనీ దగ్గరే స్టాకు లేదు. అయినా పట్టుబట్టి దాన్నే తీసుకుని, కొత్తది అక్కడే వదిలేసి బస్సెక్కాడు.

"కొత్తదాన్ని వదిలేసి వచ్చినారా?" అంది శిల్ప. ఆ తర్వాత ఆమె అన్నవి అచ్చు వేయడానికి పనికిరావు.

కమలాపురంలో ట్రాక్టరు సామాన్లకు లేత్ పనిచేసే లేవి ఉన్నాడు. నాగళ్లకు, ట్రాలీలకు తప్ప దేనికీ చెయ్యి పెట్టి ఎరగడు. ఓబుళేశు తెచ్చినదాన్ని చూసి, "దీనికి గూడా కీళ్లనొప్పులేనా అన్నా?" అన్నాడు. ఇద్దరూ కలిసి ఉక్కు పట్టీ కోసి, నునుపు చేసి, మడతపడే బందులా మలిచి, స్క్రీను వెనకా అడుగునా రంధ్రాలు వేసి బోల్టులు బిగించారు. దొరికిన వాటిలో చిన్నవి ట్రాక్టరు డాష్‌బోర్డువి. బంగారు రంగు మీద నల్లటి బోల్టు తలలు పొడుచుకొచ్చాయి. మూత పూర్తిగా మూసుకోవడం మానేసింది. ఓబుళేశు స్క్రీను పట్టుకుని మొత్తాన్నీ గాల్లోకి లేపి చూపించాడు. బందు ఇసుమంతైనా కదల్లేదు.

లక్ష్మీప్రియ దాన్ని చూసి తలకాయ పట్టుకుంది. "నాన్నా, దీంతో దున్నుకోవచ్చు."

తిట్టుకుంటూనే తిరుపతికి పట్టుకుపోయింది. తరగతిలో మొదటిరోజు అందరూ నవ్వారు. తర్వాతి సెలవులకు వస్తూ ఆ నవ్వినవాళ్ల ల్యాప్‌టాప్‌లు మూడు సంచిలో వేసుకొచ్చింది. అన్నింటికీ అదే జబ్బు. లేవి ఈసారి పట్టీలు సన్నగా కోశాడు, బోల్టు తలలు అరగదీశాడు. సంగతి విని శివజ్యోతి ఫోన్ చేసి, వారంటీ అయిపోయి ఏడుస్తూ వచ్చేవాళ్లకు తను కమలాపురం దారి చెప్పొచ్చా అని అడిగింది. "మా వాళ్లకు తెలిస్తే నన్ను పీకేస్తారు సార్, నా పేరు యాడా చెప్పొద్దండి," అంది.

ఆ వేసవిలో లక్ష్మీప్రియ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. స్విచ్ నొక్కితే దీపం కూడా రాలేదు. ఓబుళేశు స్వయంగా కడపకు తీసుకెళ్లాడు. శివజ్యోతి మీటరు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది.

"బోర్డు పోయింది సార్. అన్నీ దానికే అతికించినారు, ఏదీ పీకి మార్చేదానికి లేదు. బందు మాత్రం బ్రహ్మాండంగా ఉండాది."

ఆయన తిట్టబోయాడు. నవ్వొచ్చింది. ఆమె కూడా ఆపుకోలేకపోయింది.

కూతురు తన స్కాలర్‌షిప్పుతో ఇంకా పలచటిది ఒకటి కొనుక్కుని, కొన్నాక ఫోన్ చేసింది. "అరిచేదుంటే ఇప్పుడే అరిచెయ్యి నాన్నా, నాకు క్లాసుండాది." ఆయన అరిచాడు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి జడ వేసుకుంది.

మొన్న కడప నుంచి ఒక లెక్చరర్ విరిగిన ల్యాప్‌టాప్‌తో లేవి షెడ్డుకు వచ్చాడు. పని పూర్తయ్యాక గ్యారంటీ ఉందా అని అడిగాడు.

"బందుకుండాది సార్," అన్నాడు లేవి. "మిగతాదానికి దేవుడే దిక్కు."

"దేవుణ్ని యెందుకు లాగుతావు లేవీ? ఆయన చేసినవి ఇంత నాసిరకం కాదులే," అంటూ ఓబుళేశు స్టూలు మీద నుంచి లేవబోయాడు. మోకాలు కలుక్కుమంది. లేవి లేత్ ఆపి, ఆయన మోకాలు వైపు, చేతిలో మిగిలిన పట్టీ ముక్క వైపు మార్చి మార్చి చూశాడు.

"చూసింది చాలు, దాన్ని కింద పెట్టు," అన్నాడు ఓబుళేశు.