ఊగడం, ఒరగడం, పెత్తనం

నిఘంటువు ఆఫీసులో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు కుదర్చడం ఆమె పని. అన్నయ్య పోయాక సెలవు ముగించుకుని వచ్చిన రోజున ఆమె వంతుకు ‘స్వే’ (sway) అనే మాట వచ్చింది.

ఆమెకు ఏడుపు రాలేదు. రాతిగుండె అని చుట్టాలు చాటుగా అనుకున్నారు. ఏ చదువు చదవాలో, ఏ ఉద్యోగంలో చేరాలో, ప్రూఫులు దిద్దే ఆయన పెళ్లి చేసుకుంటానంటే ఏం చెప్పాలో అన్నీ అన్నయ్యే తేల్చాడు. కోప్పడి కాదు. తల కాస్త అడ్డంగా ఊపేవాడు, అంతే. ఆమె సరేననేది.

“గాలికి చెట్టు ఊగడమూ ఇదే, ఒకరి మాట ఇంకొకరి మీద చెల్లడమూ ఇదే. రెంటికీ పొత్తేమిటమ్మా?” అన్నాడు సంపాదకుడు.

“మొదట్లో దీనికి కదలడం, సాగడం అనే అర్థాలుండేవటండీ. యూరప్ ఉత్తరాన చలిదేశాల పాతభాషలో వంచడం అనే మాటతో చుట్టరికం ఉందంటారు. ఇంకొకణ్ణి వంచగలిగితే ఇక పెత్తనమేగా.”

“పెత్తనం అంటే తేలికైపోదూ? ఏలుబడి అందామా?”

“మీ ఇష్టమండీ.”

అంతలో ఫోను మోగింది. వదిన.

“మీ అన్నయ్య పడక్కుర్చీ కోసం మనిషొచ్చాడు. ఇచ్చేయనా, నీ గదిలో వేయించనా?”

“అన్నయ్యనడిగి చెప్తాను వదినా.”



“నేనూ పొద్దున కూరేం చేయనని అడుగుదామని ఆయన గదిలోకి వెళ్లొచ్చాను,” అంది వదిన.

గుండెలోంచి ఏదైనా తన్నుకొస్తుందేమోనని పెద్దక్క ఆగి చూసింది. రాలేదు. పళ్ల డాక్టరు సూది వేసిన దవడలా లోపలంతా మొద్దుబారి ఉంది.

“నీకు కావాలా కుర్చీ?” అని అడిగింది.

“నాకెందుకే. దుమ్ము దులపలేక చస్తున్నా.”

“అయితే ఇచ్చేయ్.”

ఫోను పెట్టేసి, ఊగు, ఒరుగు, మొగ్గు అని వరసగా రాసింది. చివర ఏలుబడి రాసి, పక్కనే పెత్తనం చేర్చింది.

“ఏలుబడి చాలనుకున్నాంగా?” అన్నాడు సంపాదకుడు.

“రాజులకైతే చాలండీ. ఇళ్లల్లో పెత్తనమే అంటాం. రెండూ ఉండనివ్వండి.”

ఆమె ఎదురు చెప్పడం ఆయనకు కొత్త. కళ్లద్దాలు తుడుచుకుని సరేనన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కుర్చీ ఉన్నచోట చాప వేసుకుని వదిన టీవీ ముందు పడుకుని ఉంది. పెద్దక్క చెప్పులు విడిచి ఆమె పక్కన కూలబడింది. సబ్బు ప్రకటన, దాని వెనకే ఇంకో సబ్బు ప్రకటన. ఎప్పుడూ అన్నయ్య చేతిలో ఉండే రిమోటు ఇద్దరి మధ్యా ఉంది. ఎవరూ అందుకోలేదు.